తేలిక చేసిన కార్డు

పోయిన వారం కోచ్ మేడమ్‌ను స్టూడియో మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాం. మనకు వారం గడిచింది గానీ ఆవిడకు అరనిమిషమే అయింది కాబట్టి కాళ్ళు నొప్పులేమీ పుట్టి ఉండవు. ఆవిడ లోపలికి అడుగు పెట్టేలోగా, కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసమూ, చదివి మరిచిపోయినవాళ్ళ కోసమూ, గొడవేమిటో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

ఊళ్ళో జరిగిన ఆటల పోటీలకు ఫోటోలు తీసే పని ఫోకస్ మాస్టారి స్టూడియోకి వచ్చింది. మాస్టారు కెమెరా పక్కన పెట్టి చాలాకాలమైంది. ఇప్పుడు తీసేది ఆయన రెండో కూతురు. ముప్పై దాటినా ఊరందరికీ ఆమె ఇంకా చిన్నమ్మాయే. ఆఖరున జరిగింది ఆడపిల్లల పరుగుపందెం. అందులో చిన్నమ్మాయి అక్క కూతురు కూడా పరిగెత్తింది. ఇంట్లో ఆ పిల్లను పిడుగు అంటారు. గీత దగ్గర కూర్చున్న పెద్దమనిషి పిడుగే ముందన్నాడు. అవతలి క్లబ్బు కోచ్ మేడమ్ కానే కాదు, మా పొడుగుజడ పిల్లే ముందంది. సరే, ఫోటోలు చూద్దామన్నారు. చూస్తే ఏముంది! గీతకు ఇవతలి ఫోటోలున్నాయి, గీత దాటి మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతున్న ఫోటోలున్నాయి, గీత దాటే ఫోటో మాత్రం లేదు.

"మెమొరీ కార్డు నెమ్మది. కెమెరా ఆగిపోయింది," అంది చిన్నమ్మాయి. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు, అక్క కూతురి కోసం పిన్ని ఫోటోలు మింగేసిందన్నారు. కమిటీ వాళ్ళకూ అలాగే తోస్తే, పై పోటీలకు రేపు పొద్దున బయల్దేరే జట్టులోంచి పిడుగు పేరు కొట్టేయడంతో సరిపెట్టరు. రెండేళ్ళ పాటు ఏ పందెంలోనూ నిలబడనివ్వరు. పదహారేళ్ళ పిల్లకు రెండేళ్ళంటే మాటలా?

అదీ సంగతి. ఇక మేడమ్ లోపలికి రావచ్చు.

మెడలో విజిల్, చేతిలో ఫోను, ముఖంలో పట్టుదల. 'అయిపోయింది, ఈవిడ ఊరు వినేలా అరుస్తుంది,' అనుకుంది చిన్నమ్మాయి. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని లెన్సు తుడుస్తున్న మాస్టారు, "రండమ్మా, కూర్చోండి," అన్నాడు.

ఆవిడ కూర్చోలేదు, అరవనూ లేదు.

"నేను పోట్లాటకి రాలేదమ్మాయ్. పోట్లాటలన్నీ మైదానంలోనే అయిపోయాయి. నాకొకటే తెలుసుకోవాలనుంది. కార్డు నెమ్మదైతే కెమెరా ఆగిపోతుందా? నిజంగా?"

చిన్నమ్మాయి తెల్లబోయింది. ఈ నాలుగు రోజుల్లో అడిగినవాళ్ళంతా ఎందుకిలా చేశావనే అడిగారు. ఎలా జరిగిందని అడిగిన మొదటి మనిషి ఈవిడే.

"ఆగిపోతుంది మేడమ్. అంటే... ఆగిపోయినట్టు అవుతుంది."

"అయితే నా ముందు ఆపి చూపించు. చూపిస్తే నేనే కమిటీకి ఫోన్ చేసి, తప్పు కార్డుదే, ఆ పిల్లనొదిలెయ్యండని చెప్తా. చూపించలేకపోతే మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నట్టే లెక్క. సాయంత్రం వాళ్ళే నాకు ఫోన్ చేస్తారు. ఏదో ఒకటి చెప్పాలి నేను."

అడిగిన తీరు బాగుంది. చిన్నమ్మాయికి భయం సగం తగ్గింది. తగ్గిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. నిజమే, కెమెరా ఎలా ఆగుతుందో తాను మాత్రం ఎప్పుడు చూసింది? ఆ రోజు ఫోటోల్లో ఖాళీ కనిపించింది, బావ ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది, నోటికొచ్చింది చెప్పేసింది. అంతే.

బావ అంటే అక్క మొగుడు, పిడుగు తండ్రి. రెండు వీధుల అవతల కెమెరా సామాన్ల కొట్టు ఆయనది. మాటలతోనే అమ్మేసే రకం. గొడుగు కొనడానికి వచ్చినవాడి చేత కెమెరా సంచీ కొనిపించి పంపుతాడు. పిలిచిన పావుగంటలో కొత్త కార్డొకటి జేబులో వేసుకుని, గెలిచిన ముఖంతో వచ్చాడు.

"చూశావా మరదలా! ఎన్నిసార్లు చెప్పాను? నీ కార్డు ఎద్దుబండి. ఇది గుర్రం. ఇదే వేసుకుని ఉంటే నా కూతురు ఇవాళ ఇంట్లో మూల కూర్చుని ఏడ్చేదా?"

"బావా, ఉపన్యాసం తర్వాత. ముందు గుర్రాన్ని బయటికి తియ్యి."

పరీక్షకు కావలసినవన్నీ స్టూడియోలోనే ఉన్నాయి. పందెంనాడు వాడిన కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, తిరుగుతున్న టేబులు ఫ్యానుకు ఎదురుగా పెట్టింది. ఆ రోజు వాడిన కార్డు మాత్రం డబ్బాలోంచి తీయలేదు. ఫోటోలు అడిగినవాళ్ళ చేతికి అందేదాకా కార్డు ముట్టుకోకూడదన్నది మాస్టారు పెట్టిన కట్టుబాటు. దానికి జోడీగా ఒకేసారి కొన్న ఇంకో పాత కార్డుంది. అదే వేసింది.

"మైదానంలో ఎక్కడినుంచి నొక్కడం మొదలుపెట్టావు?" మేడమ్ అడిగింది.

చిన్నమ్మాయి తల దించుకుంది. "సగం దారి నుంచి. గీత దగ్గరికొచ్చాక నొక్కాలి, తెలుసు నాకు. కానీ పిడుగు అందరినీ దాటుకుని వస్తూంటే... వేలు ఆగలేదు."

"నాకైతే విజిల్ ఆగలేదు," అంది మేడమ్. "సరే, నొక్కు."

నొక్కింది. కెమెరా టకటకటకటక అంటూ దంచేసింది. కాసేపటికి దానికి ఊపిరాడలేదు. టక్... అంది. ఆగింది. టక్... అంది. మళ్ళీ ఆగింది. మేడమ్ తల పక్కకు వంచి, పిల్లల అడుగుల చప్పుడు విన్నట్టు వింటోంది.

"ఇదిగో, ఇదే మేడమ్!" చిన్నమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "కెమెరా తీసిన ఫోటోను ముందు తన పొట్టలో దాచుకుంటుంది. తర్వాత కార్డులోకి దించుతుంది. మనం ఆపకుండా తీస్తూంటే పొట్ట నిండిపోతుంది. ఒకటి దించితే గానీ ఇంకోటి తియ్యలేదు."

"ఇప్పుడు మన గుర్రం," అని బావ కొత్త కార్డు అందించాడు.

వేసి నొక్కింది. టకటకటకటక. బావ నవ్వు చెవులదాకా సాగింది. ఒక్క గుక్క ఎక్కువ వచ్చిందో లేదో, టక్... అంది. ఆగింది. టక్... అంది. ఇంచుమించు అదే ఆయాసం. ఆగినప్పుడల్లా ఒక చిటికె ముందుగా తేరుకుంటోంది, అంతే తేడా.

బావ నవ్వు వచ్చిన దారినే వెనక్కి పోయింది. "ఇంకోసారి నొక్కు," అన్నాడు. ఇంకోసారి నొక్కింది. గుర్రం మళ్ళీ అదే చోట మొరాయించింది.

"ఇంతేనా?" మేడమ్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమయ్యా, పోయినేడు నా చిన్న కెమెరాకి ఇలాంటిదే అంటగట్టావు కదూ? 'వేసి చూడండి మేడమ్, విమానమే' అన్నావు."

కుడితిలో పడ్డ ఎలుకలా బావ అటూ ఇటూ చూశాడు. మాస్టారు కుర్చీలోంచి చిన్నగా నవ్వాడు. "చెప్పవయ్యా అల్లుడూ. ఇవాళైనా నిజం చెప్తే నీ కొట్టేమీ మూతపడదులే."

"అది... కెమెరా పాతది మావయ్యా. చెంబుతో పోసినా బిందెతో పోసినా గరాటు మెడ ఎంతో అంతే కదా దిగేది. కార్డుకి ఎంత వేగమున్నా కెమెరా ఇవ్వగలిగినంతే పుచ్చుకుంటుంది."

"మరి కొత్తది ఎవరికి పనికొస్తుంది?" మేడమ్ వదిలేలా లేదు. ఈసారి గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది.

"కొత్త కెమెరాలున్నవాళ్ళకి. వాటి మెడ వెడల్పు. పెద్ద వీడియోలు తీసేవాళ్ళకైతే తప్పనిసరి, లేకపోతే మధ్యలో తెగిపోతుంది. కార్డులోంచి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కూడా తేడా బాగా తెలుస్తుంది, అది కూడా ఎక్కించే పరికరం కొత్తదైతేనే. పుట్టినరోజులకీ పూలమొక్కలకీ ఒక్కో ఫోటో తీసుకునేవాళ్ళకి..." బావ గొంతు సన్నబడింది. "ఏదైనా ఒకటే."

"నాది పుట్టినరోజుల కెమెరానే."

"కార్డు కావాలంటారు గానీ, నా కెమెరా ఏది, దానికి పనికొస్తుందా అని ఎవరూ అడగరు మేడమ్. అడిగితే చెప్పనా?"

"అడగకపోతే చెప్పవన్నమాట!" అంది చిన్నమ్మాయి. మేడమ్ కూడా నవ్వేసింది. ఆ గదిలో గాలి కాస్త తేలికపడింది. పరీక్ష నెగ్గినట్టే అనిపించింది చిన్నమ్మాయికి. కార్డు ఏదైనా కెమెరా ఆయాసపడటం మాత్రం నిజమని తేలింది కదా!

ఆ సంతోషం నిలవలేదు. మేడమ్ నవ్వు ఆపి స్టాండు దగ్గరికి వెళ్ళింది. కెమెరాను వంగి చూసింది. "ఇంకోసారి నొక్కు. నేనాపమనేదాకా వేలు తియ్యకు."

పాత కార్డు పెట్టి నొక్కింది. టకటకటక. టక్... టక్... టక్... మేడమ్ ఆపమనలేదు. టక్... టక్...

"అమ్మాయ్, ఇది ఆగలేదు. కుంటుతోంది."

"అవును మేడమ్."

"కుంటుతోంది గానీ కూర్చోలేదు. చిటికేసేంతలో ఇంకోటి తీస్తూనే ఉంది. ఆ రోజు మధ్యలో వేలు తీశావా?"

"లేదు. వాళ్ళు వంగి నిలబడేదాకా నొక్కే ఉంచాను."

"గీతకి ముందు నీ ఆఖరి ఫోటోలో నా పిల్ల నాలుగడుగుల ఇవతలుంది. తర్వాతి ఫోటోలో అవతల వంగి రొప్పుతోంది. పరిగెత్తే పిల్ల ఆగడానికే ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఆ మధ్యలో నీ కెమెరా ఒకటి కాదు, ఇంకా చాలాసార్లు కుంటి ఉండాలి." మేడమ్ నిటారుగా నిలబడింది. "ఆ కుంటు ఫోటోలేవి?"

ఫ్యాను తిరుగుతోంది. భయపడాల్సిన సమయమే గానీ, చిన్నమ్మాయికి ముందు కలిగింది ఆశ్చర్యం. నిజమే, అవేవి? తాను తీసెయ్యలేదు. ఇన్నాళ్ళూ తన మాటను తానే నమ్ముతూ కూర్చుంది.

డబ్బాలోంచి అసలు కార్డు తీసింది. కంప్యూటర్లోకి ఎక్కించగానే ఫోటోలకు పందెం పేరు పెట్టి, ఒకటి నుంచి వరసగా కొత్త నంబర్లు వెయ్యడం ఆ స్టూడియో అలవాటు. అందుకే కంప్యూటర్లో ఖాళీలేమీ తెలియవు. కార్డులో మాత్రం కెమెరా వేసిన నంబర్లు అలాగే ఉంటాయి. వాటిని తెర మీద పెట్టి, ముగ్గురూ మీదికి వంగారు.

గీతకు ఇవతలి ఫోటోకూ అవతలి ఫోటోకూ మధ్య నంబర్లు లేవు. దూకేశాయి.

"కెమెరాయే లెక్క తప్పిందేమో," అన్నాడు బావ. తనకే నమ్మకం లేని గొంతు అది.

మేడమ్ ముఖం గట్టిపడింది. "కెమెరా తీసింది. ఎవరో తీసేశారు. నేను మర్యాదగా అడగడానికి వచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ."

"ఒక్క నిమిషం మేడమ్." చిన్నమ్మాయి ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుకుంటూ పోయింది. నంబర్ల దూకుడు ఇంకోచోట కనిపించింది. పొడుగుదూకుడు పోటీ దగ్గర. ఇంకా వెనక్కి పోతే గుండు విసిరే పోటీ దగ్గర ఒకటి. మధ్యాహ్నం ఫోటోల్లో అక్కడొకటి, ఇక్కడొకటి. సాయంత్రమయ్యేకొద్దీ ఎక్కువ. ఎలకలు కొరికిన గుడ్డలా ఉంది ఆ రోజంతా.

"ఇదేమిటి?" మేడమ్ కోపం మధ్యలో తడబడింది. "మీ పిల్ల గుండు విసిరిందా?"

"పిడుగా? అది నీళ్ళ బకెట్టే ఎత్తదు," అన్నాడు తండ్రి.

"మరి గుండు ఫోటోలు తీసెయ్యడం ఎవరికేం లాభం?"

అప్పుడు కుర్చీలోంచి మాస్టారు లేచాడు.

"తీసేసింది నేనేనమ్మా. మసక ఫోటోలు. కార్డు తేలిక చేశాను."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. చేసిన మంచిపనిని ఆలస్యంగా గుర్తించారే అన్నట్టు నిలబడ్డాడు.

"తేలిక చెయ్యడమేంటి నాన్నా?"

"కార్డు నిండితే బరువెక్కి నెమ్మదిస్తుందట కదా. నువ్వు ఇంటికొచ్చి ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా కెమెరా తీసి చూస్తాను. మసగ్గా ఉన్నవి తీసేస్తాను. రీలు రోజుల్లోనూ అంతే చేసేవాణ్ణి. మసక ఫోటో మన గడప దాటకూడదు. అదీ అవుతుంది, కార్డూ తేలికవుతుంది."

"నిండితే బరువెక్కుతుందని ఎవరు చెప్పారు నీకు?"

మాస్టారు అల్లుడి వైపు చూశాడు. చిన్నమ్మాయీ చూసింది. మేడమూ చూసింది. బావ ఫ్యాను వైపు చూశాడు.

"రెండో కార్డు కూడా తీసుకుంటాడేమోనని అన్నాను మావయ్యతో," అన్నాడు చివరికి. "నిండుగా ఉన్నదానికి ఆయాసమెక్కువ, ఇంకోటి దగ్గరుంచుకోండి అని... అమ్మే మాట అది. తీసేసే బొత్తాం ఎక్కడుందో కూడా నేనే చూపించాను."

"కొనే బదులు ఉన్నదే ఖాళీ చేసుకుంటే పోలా అనుకున్నాను," అన్నాడు మాస్టారు.

వేరే రోజైతే ఆ మాటకు ఇల్లంతా నవ్వేది. ఒక అమ్మకం కోసం అల్లుడు ఊదిన గాలి తిరిగి తిరిగి తన కూతురి మీదికే వచ్చింది. బావ ముఖం చూస్తే చిన్నమ్మాయికి తిట్టాలనీ అనిపించింది, జాలీ వేసింది. తిట్టడానికి తీరిక లేదు.

"పోయినవి మళ్ళీ రావా?" మేడమ్ అడిగింది.

బావ ఒక్కసారిగా నిటారయ్యాడు. "వస్తాయి! తీసెయ్యడమంటే ఫోటో పేరు చెరిపెయ్యడమే మేడమ్. దాని మీద ఇంకోటి వచ్చి పడేదాకా ఫోటో లోపలే ఉంటుంది. మరదలా, ఆ తర్వాత ఈ కార్డులో ఏమైనా తీశావా?"

"నాన్న ముట్టుకోవద్దన్నాడుగా. డబ్బాలోనే ఉంది."

"మావయ్యే పోగొట్టాడు, మావయ్యే కాపాడాడు," అంటూ బావ కొట్టుకు పరిగెత్తాడు. పోయిన ఫోటోలు వెతికే ప్రోగ్రాం ఉన్న లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఏమీ అమ్మకుండా పని మొదలుపెట్టాడు.

లాప్‌టాప్ కార్డును గింజ గింజా ఏరుతోంది. తెర మీద చిన్న చిన్న గళ్ళలో ఫోటోలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ముందు గుండు పిల్లవాడు తేలాడు. పొడుగుదూకుడు పిల్ల గాల్లో తేలింది. చిన్నమ్మాయి టీ చేసి తెచ్చింది గానీ ఎవరూ ముట్టలేదు. మేడమ్ తెర ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడావిడ ముఖంలో కోపమూ లేదు, నమ్మకమూ లేదు. ఏం వస్తుందోనన్న ఆత్రం ఒక్కటే ఉంది.

వస్తున్నవాటిని చూస్తున్నకొద్దీ చిన్నమ్మాయికి లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది. ఇవి మసక ఫోటోలేనా? గుండు పిల్లవాడి వేళ్ళకంటిన సున్నం కనిపిస్తోంది. దూకిన పిల్ల మడమ కింద ఇసుక రేణువులు విడివిడిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం అన్నిటికీ సమానం. అన్నీ ఎండకు ఎదురుగా తీసినవే. వెనకాల వెలుతురు, ముందు నీడగా మనుషులు.

"ఆగు!" అంది మేడమ్.

గీత వచ్చింది. రిబ్బనూ వచ్చింది. బావ ఆ గడిని తెరంత పెద్దది చేశాడు.

ఏ అనుమానానికీ తావు లేదు. పొడుగుజడ పిల్ల ఛాతీ రిబ్బనుకు తగిలి ఉంది. పిడుగు ఒక బెత్తెడు వెనకుంది. ఛాతీ మీద గుడ్డకు కుట్టిన నంబరు కుట్లతో సహా కనిపిస్తోంది.

కన్నబిడ్డ ఓటమిని అంత దగ్గరగా చూసి బావ కళ్ళు మూసుకున్నాడు. చిన్నమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఎవరూ అడక్కముందే చెప్పేసింది.

"మీ పిల్లే గెలిచింది మేడమ్."

మేడమ్ గెంతలేదు. విజిల్‌ను గుప్పిట్లో పట్టుకుంది. "గెలిచిందని నాకు తెలుసు. నువ్వు చెప్తావనుకోలేదు," అంది. తర్వాత తెర మీద ఆ కుట్లను వేలితో చూపించింది. "నువ్వు నిజం చెప్పావు. మరి మీ నాన్నగారు? ఇది మసకా? ఇంత స్పష్టమైన ఫోటోని మసకని ఏ కంటికి చెప్పాలమ్మాయ్? మనవరాలు ఓడింది, తాత తీసేశాడు. గుండూ ఇసుకా మనల్ని ఏమార్చడానికి."

"అలా కాదు మేడమ్..."

"నాకు మీ పిల్ల మీద కక్ష లేదు. మంచి కాళ్ళున్న పిల్ల. కానీ కమిటీ అడుగుతుంది. కావాలని తీసేశారంటే వాళ్ళింట్లో అందరిదీ ఒకటే తప్పంటారు. రెండేళ్ళు కూర్చోబెడతారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది?"

"కావాలని తీసెయ్యలేదమ్మా," మాస్టారు నెమ్మదిగా అన్నాడు. "మసగ్గా ఉంది."

"నాన్నా, ఇటు రా." చిన్నమ్మాయి కుర్చీ జరిపింది. "దగ్గరగా చూసి చెప్పు. ఇందులో ముందెవరున్నారు?"

ఆయన వంగి, ముఖం తెర దాకా తెచ్చాడు. చాలాసేపు చూశాడు. "మసగ్గానే ఉంది కదమ్మా. ఇదీ తీసెయ్యాల్సిందే," అన్నాడు.

"నాటకం," అని గొణిగింది మేడమ్.

చిన్నమ్మాయి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఎప్పుడు అబద్ధమాడుతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆడటం లేదు. ఆమె చెయ్యి దానంతటదే తెర మీది గళ్ళ దగ్గరికి పోయింది. అక్కడొక ఫోటో ఉంది. పందేలు మొదలయ్యే ముందు వెలుతురు చూసుకోవడానికి తీసినది. ఖాళీ మైదానం, తెల్ల గీతలు, ఎదురెండ. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. దీన్ని కూడా తీసేశాడు. ఇందులో ఎవరు ఓడారని?

అడగాలని లేదు. అడగకపోతే పిల్ల మునుగుతుంది. ఆ ఫోటోను తెరంత పెద్దది చేసింది. బావ నోరు తెరవబోతే చేత్తో వారించింది.

"సరే నాన్నా, అది మసకే. ఇది చూడు, దీంట్లో మసకేం లేదు. ఇందులో ముందెవరో చెప్పు."

మాస్టారు మళ్ళీ వంగాడు. ఖాళీ మైదానాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు. కూతురి గొంతులో ఏదో విన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వు ముఖం పెట్టాడు.

"ఇంకెవరమ్మా, మన పిల్లే. ఎంత బాగా పడిందో చూశావా! ఇలాంటి ఫోటో నేనెందుకు తీసేస్తాను?"

మేడమ్ చేతిలోని విజిల్ జారి గుండెల మీద పడింది. ఆవిడ తెరనూ, ఆయన్నూ, మళ్ళీ తెరనూ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతూంటే తల తిప్పుకుంది.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. కమిటీ. ఆవిడ దాన్ని ఎత్తి, చెవికి పెట్టుకోకుండా చిన్నమ్మాయి చేతిలో పెట్టింది. "నేను చెప్తే కథలంటారు. కూతురివి, నువ్వే చెప్పు," అని గుసగుసలాడింది.

"హలో? ఫోటోల సంగతి ఏమైందండీ? ఎవరు తీసేశారు?" అవతలి గొంతు గదిలో అందరికీ వినబడుతోంది.

చిన్నమ్మాయి ఫోను చెవిదాకా తెచ్చింది. మాస్టారు చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. నవ్వు ముఖం ఎప్పుడో పోయింది.

"కావాలనే తీసేశాడని చెప్పమ్మా," అన్నాడు లోగొంతుతో. "ముసలాడు మనవరాలి కోసం బుద్ధి గడ్డి తిని చేశాడని చెప్పు. దొంగన్నా పడతాను. నా కళ్ళ మాట మాత్రం ఎత్తకు."